బొల్లి కాని తెలుపు

మనిషికి చర్మం దేవుడిచ్చినా, దాని రంగును ఖరారు చేసే అధికారం మాత్రం మా ఊరు మార్గిలాన్‌లోని వర్ణ నిర్ధారణ సంఘానిదే. ఈ సంగతి నలభై ఆరేళ్లొచ్చినా నాకు తెలియకపోవడం నా అజ్ఞానం.

నా పేరు హమ్దామ్. బజారులో రొట్టెలు కాలుస్తాను. పనితనం తెలిసినవాణ్నని అందరూ 'ఉస్తా' అని పిలుస్తారు. నిరుడు తందూరు గోడ నుంచి ఒక రొట్టె జారి నిప్పుల్లో పడింది. పడిన రొట్టెను వదిలేస్తే పాపమని మావాళ్లందరికీ తెలుసు. దాన్ని తియ్యడానికి ఇనుప కొక్కెం ఉంటుందని కూడా తెలుసు. నేను చెయ్యి పెట్టాను. (రొట్టె క్షేమం. ఎవరో కొనుక్కుని తిన్నారు.) పుండు మానింది గాని, చెయ్యి మోచేతి దాకా సున్నం కొట్టినట్టు తెల్లబడింది.

కొనేవాళ్లు దాన్ని బొల్లి అనుకున్నారు. బొల్లి చేతి రొట్టె మా ఊళ్లో ఎవరూ ముట్టరు. పన్నెండు రోజుల్లో నా ముందుండే వరుస పక్క అంగడి ముందుకు మారిపోయింది. నాకు భయం పట్టుకుంది. రొట్టె కాల్చడం తప్ప నాకు ఇంకేదీ చేతకాదు.

చర్మ వైద్యురాలు నిగోరా ధైర్యం చెప్పింది.

"తొడ మీంచి పల్చటి పొర తీసి, అందులోని రంగు కణాల్ని చేతి మీద నాటుతాం. ఆరు నెలల్లో రంగొచ్చేస్తుంది అన్నా. కాకపోతే ఈ ఫారంలో నీ అసలు రంగేదో వర్ణ సంఘం చేత రాయించుకు రావాలి."

సంఘంలో ముగ్గురున్నారు. అధ్యక్షుడు ఫైజుల్లా గారు గోడల రంగుల శాఖ నుంచి ఎరువు తెచ్చిన నమూనా పలకను నా ముఖం పక్కన పెట్టి పెదవి విరిచారు.

"ఇది నీ రంగు కాదు ఉస్తా, తందూరు రంగు. ఎండ తగలని చోటు చూపించు."

చూపించాను. ముగ్గురూ కళ్లద్దాలు పెట్టుకుని వంగారు. 'ఎండు ఆప్రికాట్, నాలుగో నంబరు' అని ఏకగ్రీవంగా తీర్మానించారు. (విషయం విని నా భార్య సనోబర్ "నన్నడగొచ్చుగా? ఐదో నంబరు!" అంది.)

తీర్మానంతో పాటు అద్దం కట్టిన ధ్రువపత్రం ఒకటి ఇచ్చారు: 'ఇతనిది బొల్లి కాదు, కాలిన తెలుపు.' దాన్ని అంగడి ముందు మూడేళ్లు వేలాడదీయాలని నిబంధన.

వైద్యం ఫలించింది. చెయ్యి చక్కగా నాలుగో నంబరుకొచ్చింది. నా ఆనందానికి పట్టపగ్గాల్లేవు. తీరా చూస్తే, వచ్చినవాళ్లెవరూ నా చెయ్యి చూడటం లేదు. పత్రంలో 'బొల్లి' అన్న మాట దాకా చదివి వెళ్లిపోతున్నారు. తీసేస్తానంటే ఫైజుల్లా గారు "మూడేళ్లు నిండాక దరఖాస్తు పెట్టుకో, చూద్దాం" అన్నారు.

నిన్న పుచ్చకాయలమ్మే యుల్దాష్ వచ్చాడు. అతనికి చిన్నప్పటి నుంచీ నిజమైన బొల్లి. అతని దగ్గర నేనెన్నడూ కాయ కొనలేదు. ఎవరైనా అడిగితే తీపి తక్కువని చెప్పేవాణ్ని. (రుచి మాత్రం చూడలేదు.) పత్రాన్ని చివరి దాకా చదివిన మొదటి మనిషి అతనే. రెండు రొట్టెలు తీసుకున్నాడు.

"నీది బొల్లి కాదని రాసిచ్చారు, బాగుంది ఉస్తా. మరి నాకేమని రాసిస్తారు?"

నాకు సిగ్గుతో తలెత్త బుద్ధి కాలేదు. ఆ ఫారం ఇంకా అచ్చు కాలేదని చెప్పాను.