నెత్తిన ఒట్టు, జేబులో డబ్బీ

మంగళవారం పోలరాజుకి వారపు సెలవు. ఆ రోజు అతను వేసుకున్న ప్లాను చాలా చిన్నది. పదకొండు గంటలకి సోనారిలో పళ్ళ డాక్టరమ్మకి పెదవి చూపించాలి, వచ్చేటప్పుడు సాక్చీ బజార్లో చేపలు కొనాలి, మధ్యాహ్నం పులుసు పోసుకు తిని పడుకోవాలి. ఇందులో గొడవకి ఎక్కడా చోటు లేదు. అయితే పోలరాజు ఇంట్లో గొడవ ఎన్నడూ చోటు అడిగి వచ్చింది కాదు.

పోలరాజు ఒక కాంట్రాక్టు కంపెనీలో క్రేన్ నడుపుతాడు. వాళ్ళ తాత శ్రీకాకుళం వైపు నుంచి ఉక్కు కార్ఖానా పనికి టాటానగర్ వచ్చి స్థిరపడ్డాడు. బిర్సానగర్‌లోని ఆ ఇంట్లో మాట ఇప్పటికీ అక్కడిదే, ఖైనీ మాత్రం ఇక్కడిది. పొగాకు, సున్నం అరచేతిలో వేసి బొటనవేలితో నలిపి, రెండో చేత్తో మూడు చప్పట్లు కొట్టి దుమ్ము దులిపి, చిటికెడు తీసి కింది పెదవి లోపల పెట్టుకుంటారు. ఆ చప్పట్లు వినబడితే దగ్గర్లో ఉన్నవాళ్ళు మాటా పలుకూ లేకుండా చెయ్యి చాపుతారు. చాపిన చేతికి లేదనడం పెద్ద తప్పు. కార్ఖానాలో సగం స్నేహాలు ఆ చప్పుడు మీదే నిలబడి ఉన్నాయి.

ఎండాకాలం మొదట్లో పోలరాజు పెదవి లోపల తెల్ల మచ్చ కనబడింది. డాక్టరమ్మ పేరు తనుశ్రీ. లైటు వేసి చూసి, "ఇది ఇంకా జబ్బు కాలేదు. మానేస్తే పోతుంది. మానకపోతే నేను కొయ్యవలసి వస్తుంది" అంది. ఆమె మాట్లాడింది హిందీలోనే, మన సౌకర్యం కోసం తెలుగులో రాస్తున్నాను. ఎంతమేర కొయ్యాలో వేలితో గీసి కూడా చూపించింది. ఆ గీత పోలరాజు భార్య సింహాచలమ్మ కూడా చూసింది. ఇంటికి వచ్చాక గుమ్మం కూడా దాటనివ్వకుండా, మొగుడి చెయ్యి లాగి తన నెత్తిన పెట్టుకుంది.

"మల్లీ నోట్లో ఏసినావంటే నాను పోయినట్టే. ఒట్టెయ్యి" అంది.

పోలరాజు ఒట్టు వేశాడు. ఆమె ఖైనీ డబ్బీ తీసుకెళ్ళి మురిక్కాలవలో పారేసింది.

నోరు బుద్ధిగా మాట విన్నది. వినంది చెయ్యి. క్రేన్ మీద కూర్చున్నా, టీ తాగుతున్నా ఎడమ అరచెయ్యి తనంతట తనే విచ్చుకునేది, కుడి బొటనవేలు దాని మీదకి వచ్చి దేనికోసమో వెతుక్కునేది. ఖైనీ నోటి అలవాటని అందరూ అనుకుంటారు గాని, అందులో సగం చేతిది. ఆ చేతికి పని చెప్పకపోతే ఒట్టు నిలబడదని పోలరాజుకి అర్థమైంది. అచ్చం పాతదాని లాంటి డబ్బీ ఒకటి కొన్నాడు. ఎండబెట్టిన పుదీనా ఆకు, వేయించిన వాము, కాస్త లవంగం పొడి కలిపి అందులో నింపాడు. నలపడం అదే, మూడు చప్పట్లూ అవే, పెదవి కింద చురుక్కుమనడం కూడా ఇంచుమించు అదే. చెయ్యి శాంతించింది. పోలరాజు తన తెలివికి తనే మురిసిపోయాడు.

ఇంత గొప్ప సంగతి ఎవరికీ చెప్పుకోలేకపోవడమే అతని కష్టం. జేబులో డబ్బీ కనబడితే సింహాచలమ్మ వివరణ వినేదాకా ఆగదు. తోటివాళ్ళకి చెబుదామా అంటే, బాలింతరాలిలా వాము నములుతున్నాడని నెలల తరబడి నవ్వుతారు. అందుకని ఆ కార్యక్రమమంతా డాబా మీద, నీళ్ళ ట్యాంకు చాటున సాగేది.

ఆ మంగళవారం పొద్దున సింహాచలమ్మ లేస్తూనే గుడాకు డబ్బీ కోసం వెతికింది. గుడాకు అంటే ఇక్కడి ఆడవాళ్ళు వేలితో పళ్ళకి రుద్దుకునే నల్లటి ముద్ద. ఒడియా ఇరుగుపొరుగు వల్ల అలవాటైంది. పొద్దున్నే అది రుద్దుకుంటే గాని ఆమెకి తెల్లవారినట్టు ఉండదు. గూట్లో లేదు, కిటికీలో లేదు. కూతురు ఉజ్వలని రెండు కేకలు వేసి, చివరికి ఉప్పుతో పళ్ళు తోముకుంది. కాసేపటికి తల బరువెక్కి, కణతల దగ్గర పోట్లు మొదలయ్యాయి. ఆ తలతోనే పెరట్లో బట్టలు ఆరేస్తుంటే డాబా మీంచి మూడు చప్పట్లు వినిపించాయి.

పెళ్ళైన నాటి నుంచి వింటున్న చప్పుడు అది. గుర్తుపట్టడానికి ఆమెకి రెండో చప్పట దాకా కూడా పట్టలేదు. ముందు కోపం రాలేదు, భయం వేసింది. తరవాత ఏడుపు వచ్చింది. తన ప్రాణం కంటే చిటికెడు పొగాకు ఎక్కువైందా ఈ మనిషికి అనుకుంది. పొద్దున్నించీ తల ఎందుకు పగిలిపోతోందో అప్పుడు ఆమెకి అర్థమైంది. ఒట్టు తీసి గట్టున పెట్టాడు, అది నెత్తికే తగులుతోంది.

అదే సమయానికి పైన, పక్క డాబా పిట్టగోడ మీంచి ఒక చెయ్యి చాపుకుని వచ్చింది. అది సీతారాంది. సీతారాంకి ఖైనీ అంటే ప్రాణం, కానీ జన్మలో కొన్న పాపాన పోలేదు. కొనుక్కోవడం వ్యసనమనీ, అడిగి తీసుకోవడం స్నేహమనీ అతని నమ్మకం. పోలరాజు మానేసిన దగ్గర్నుంచి పాపం అర్ధాకలితో ఉన్నాడు.

"బావా, మల్లీ మొదలెట్టీసినావేటి" అన్నాడు ఆనందంగా.

"నెమ్మదిగా మాట్లాడు" అన్నాడు పోలరాజు. వాము అని చెప్పడానికి నోరు రాలేదు. చాపిన చేతికి లేదనడానికి మనసు రాలేదు. చిటికెడు పెట్టాడు.

సీతారాం పెదవి కింద సర్దుకుని కళ్ళు మూసుకున్నాడు. "ఇదెక్కడి మాలు బావా? ఘాటు అదిరిపోనాది. తల మాత్రం తిరగట్లేదు. ఫస్టు క్లాసు సరుకిది."

"ఊరి నుంచి తెప్పించినాను."

"ఇలాటిది దాసుకొని ఒక్కడివే తింతన్నావా. రోజూ వత్తాను, నాకూ ఉంచు."

పోలరాజు కిందికి దిగి, చొక్కా వంకీకి తగిలించి స్నానానికి వెళ్ళాడు. సింహాచలమ్మ జేబు తడిమింది. డబ్బీ దొరికింది. తెరిచి చూడాలని ఆమెకి తోచలేదు, పాముబుట్ట దొరికితే ఎవరూ మూత తీసి చూసుకోరు. డాక్టరమ్మ ముందే నిలదీద్దామని, ఆసుపత్రికి రాత్రే సర్ది పెట్టుకున్న సంచిలో దాన్ని పడేసింది. తలకి తువ్వాలు బిగించి గుమ్మంలో కూలబడింది.

సీతారాం భార్య ఉమామహేశ్వరి గోడ మీంచి చూసింది. "ఏటయ్యింది వదినా?"

"మీ అన్నయ్య ఒట్టు తప్పినాడు. నా తల సూడు, పగిలిపోతంది. నాను ఆట్టే ఉండనేమో."

ఉమామహేశ్వరి నెమ్మదస్తురాలు. విన్నదంతా నమ్మే రకం కాదు. టిఫిను డబ్బా పట్టుకుని డ్యూటీకి బయల్దేరుతున్న మొగుణ్ణి ఆపి, "అన్నయ్య ఖైనీ ఏసినాడంట. నువ్వు సూసినావా?" అని అడిగింది.

"సూడ్డమేటి, నేనూ తిన్నాను. ఫస్టు క్లాసు" అని సీతారాం స్కూటరెక్కి వెళ్ళిపోయాడు.

ఇంతకంటే సాక్ష్యం ఏ కోర్టులోనూ అడగరు. ఆమె వెంటనే సింహాచలమ్మ తమ్ముడు వరహాలుకి ఫోను చేసి, మీ అప్పకి తల తిరుగుతోందని చెప్పింది. వరహాలు టాటానగర్ స్టేషన్లో రైల్వే ఉద్యోగి. అతను ఇంటికి ఫోను చేసి, అప్ప పడిపోయిందని చెప్పాడు. వాళ్ళావిడ చుట్టాలకి ఏమని చెప్పిందో తెలియదు గాని, పోలరాజు స్నానం చేసి వచ్చేసరికి వాకిలి నిండా చెప్పులున్నాయి. ఎవరో సింహాచలమ్మ చేతిలో నిమ్మకాయ కూడా పెట్టారు.

ఉజ్వల ఏడుస్తూ ఎదురొచ్చింది. "పాపా, మమ్మీ కీ కసమ్ తోడ్ దీ ఆప్‌నే?"

"ఒట్టు నేనెప్పుడు తప్పినానే? అది ఖైనీ కాదు తల్లీ" అన్నాడు పోలరాజు.

"మరేటి, గుట్కానా?" అన్నాడు వరహాలు.

"కాదెహె, పుదీ..."

"బావా, నువ్వింక మాటాడకు. ముందు అప్ప బతకనీ, తరవాత మాటాడుకుందాం."

పోలరాజు మాట పూర్తి చేసే అవకాశం మళ్ళీ దొరకలేదు. నాలుగుసార్లు నోరు తెరిచాడు, నాలుగుసార్లూ అందరూ ఆ నోట్లోకి అనుమానంగా చూశారు. డాక్టరు దగ్గరికి వెళ్ళే రోజు ఎలాగూ ఇదే కాబట్టి ఆటో పిలిచారు. సింహాచలమ్మ సంచి గుండెలకి హత్తుకుని, కూతురి భుజం మీద తల వాల్చి, పక్కన ఉమామహేశ్వరి విసురుతూ ఉండగా కూర్చుంది. రోగి అయిన పోలరాజు బావమరిది స్కూటరు వెనక, పట్టుబడ్డ దొంగలా కూర్చుని బయల్దేరాడు. జేబు తడుముకుంటే డబ్బీ లేదు. ఉన్న ఒక్క ఆధారమూ పోయింది. ఇన్నాళ్ళు నోరు కట్టుకుని ఉన్నది ఈ పేరు తెచ్చుకోవడానికా అని కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

డాక్టర్ తనుశ్రీ ఆ గుంపుని చూసి, "వీళ్ళలో పేషెంటెవరు?" అంది. అందరూ సింహాచలమ్మని చూపించారు. పోలరాజు ఒక్కడే తనని తాను చూపించుకున్నాడు. ఇద్దర్నీ, వాళ్ళతో పాటు వదలకుండా దూరిన ముగ్గుర్నీ ఆమె లోపలికి రానిచ్చింది.

"డాక్టరమ్మా, మచ్చ తరవాత సూద్దురు గాని, ముందు ఈ మనిషి యవ్వారం సూడండి" అంటూ సింహాచలమ్మ సంచిలో చెయ్యి పెట్టి, చేతికి తగిలిన డబ్బీని ఠపీమని బల్ల మీద పెట్టింది. పెట్టాక చూసుకుంది. ముఖం వెలిగిపోయింది. "ఓలమ్మ, ఇదిక్కడుందేటి. రాత్రే సంచిలో ఏసుకొని మర్సిపోయినాను." ఆ గుడాకు డబ్బీని పక్కకి జరిపి, మళ్ళీ సంచిలోంచి ఖైనీ డబ్బీ తీసింది. "ఇదీ అసలుది."

డాక్టరమ్మ మూత తీసింది. వాసన చూసింది. చిటికెడు తీసుకుని తన నాలిక మీద వేసుకుంది.

"పుదీనా, వాము, లవంగం. బాగుంది. ఎవరు చేశారు?"

పోలరాజు చెయ్యెత్తాడు. లైటు వేసి ఆమె అతని పెదవి లోపల చాలాసేపు చూసింది. "మచ్చ లేదు. పూర్తిగా పోయింది. ఇంత చక్కగా మానినవాళ్ళని నేను అట్టే చూడలేదు. అప్పుడప్పుడు వచ్చి చూపించుకుంటూ ఉండండి, చాలు."

సింహాచలమ్మ నిమ్మకాయని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. వరహాలు గోడ మీది పళ్ళ బొమ్మని శ్రద్ధగా చదవసాగాడు. "మరయితే నా తల ఎందుకు నొప్పెడతంది?" అంది ఆమె మెల్లగా.

డాక్టరమ్మ బల్ల మీద మిగిలిన రెండో డబ్బీ తీసుకుంది. "పొద్దున ఇది రుద్దుకున్నారా?"

"దొరకలేదు. ఉప్పుతో తోముకున్నాను."

"తలనొప్పి ఎప్పటి నుంచి?"

"అప్పట్నుంచే..." అని సింహాచలమ్మ ఆగిపోయింది.

డబ్బీ మీది చిన్న అక్షరాలు ఉజ్వలకి చూపించి, డాక్టరమ్మ అంది. "ఇందులో ఉన్నది పొగాకు, బెల్లపు మడ్డి. పొద్దున పొగాకు అందక మీ తల గోల పెడుతోంది. నోట్లో పొగాకు పెట్టుకునే మనిషి మీ ఇంట్లో ఒక్కరే ఉన్నారమ్మా. ఆయన కాదు."

చిగుళ్ళు చూసి, ఇంకా మించిపోయింది లేదని, ఇవాళే మానెయ్యమని చెప్పింది. సింహాచలమ్మకి సిగ్గు ముంచుకొచ్చింది గాని, దాని వెనకే అంతకు పదింతల సంతోషం కూడా వచ్చింది. తన తల మీద వేసిన ఒట్టు ఈ మనిషి నిజంగానే నిలబెట్టాడు. ఎవరికీ చెప్పకుండా డాబా మీద దాక్కుని మరీ నిలబెట్టాడు. "ముందే సెప్పొచ్చు కదయ్యా" అంటూ అందరి ముందూ కళ్ళొత్తుకుంది.

"సెప్పనిచ్చినారేటి మీరు" అని పోలరాజు ఆమె ముందుకొచ్చి తల వంచి నిలబడ్డాడు.

"ఏటిది?"

"సెయ్యి. ఎక్కడెట్టాలో నువ్వే నేర్పినావు."

ఆమె గుడాకు డబ్బీ వైపు ఒక్కసారి చూసింది. మొగుడి తల వైపు చూసింది. నిమ్మకాయ తమ్ముడి చేతిలో పెట్టి, ఆ వంచిన నెత్తిన చెయ్యి వేసి గట్టిగా ఒట్టు వేసింది. గుడాకు డబ్బీని డాక్టరమ్మే చెత్తబుట్టలో పడేసింది. వరహాలు తన జేబులోంచి కూడా ఒక పొట్లం తీసి, ఎవరూ చూడలేదనుకుని అదే బుట్టలో వదిలాడు. తిరుగు ప్రయాణంలో పోలరాజు ఆటోలో మధ్య సీట్లో కూర్చున్నాడు. సాక్చీలో చేపలు వరహాలు కొన్నాడు, అడక్కుండానే, పెద్దవి.

తలనొప్పి సింహాచలమ్మని ఇంకొన్నాళ్ళు పట్టుకుని వదిలింది. ఇప్పుడు డాబా మీద నాలుగు కుండీల్లో పుదీనా పెరుగుతోంది. పొద్దున్నే మూడు చప్పట్లు బాహాటంగా వినబడతాయి, ట్యాంకు చాటు అవసరం లేదు. మొదటి చిటికెడు సింహాచలమ్మది. రెండోది పిట్టగోడ మీంచి చాపుకుని వచ్చే చేతిది.

ఆ చేతి సంగతి మాత్రం ఉమామహేశ్వరి ఆ రోజు ఆటోలోనే పోలరాజుతో తేల్చుకుంది. "అన్నయ్యా, ఈయనకి సెప్పకండి. బతుకంతా ఒకరు పెట్టిందే తిన్నాడు. మీరు పెట్టినన్నాళ్ళూ మంచిదే తింతాడు." పోలరాజు మాటిచ్చాడు, మాట మీద నిలబడడం అతనికి ఇప్పుడు అలవాటైపోయింది. ఇంత మంచి మాలు దొరికాక వేరే చేతుల ముందు చెయ్యి చాపడం సీతారాంకి నామోషీగా ఉంది.

సీతారాం ఖైనీ మానేశాడన్న సంగతి సీతారాంకి ఇంకా తెలియదు.