నేలమాళిగలో నీళ్ళ ఫైలు

"నేటితో నాగిసె పట్టణంలో నేరానికి నూకలు చెల్లాయి," అని కురొగానె షోహెయ్ ప్రకటించాడు.

టౌన్ ఆఫీసు నేలమాళిగకి దిగే మెట్ల మీద, లైటు వెలుగు మొహం మీద సగమే పడేలా చూసుకుని మరీ నిలబడ్డాడు. ఒక చేతిలో బదిలీ ఉత్తర్వు, రెండో చేతిలో టార్చిలైటు.

"చెప్పులు మార్చుకోండి," అంది ఒగాతా చిజుకొ, తల ఎత్తకుండానే. "రికార్డు గదిలోకి బయటి చెప్పులు రాకూడదు."

యాభై నాలుగేళ్ళ చిజుకొ ఇరవై ఆరేళ్ళుగా ఈ గదికి ఇన్‌చార్జి. ఇన్నేళ్ళలో ఆమె చేతి మీదుగా ఒక్క ఫైలూ పోలేదు. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పుకోలేదు. ఎవరూ అడగలేదు కూడా. పై అంతస్తుల వాళ్ళకి రికార్డు గదంటే కాగితాలు వెళ్ళే చోటు, అంతే. తిరిగి వస్తాయని వాళ్ళకి పెద్ద నమ్మకం లేదు.

షోహెయ్ అంతకుముందు పర్యాటక విభాగంలో ఉండేవాడు. ఊరు చూడటానికొచ్చిన ఒక బృందం దొంగ రవాణా ముఠా అని తేల్చి, రెండు రోజులు పొదల చాటున వెంబడించాడు. తీరా చూస్తే వాళ్ళు పళ్ళ డాక్టర్లు. వాళ్ళు వెళ్ళిన వారానికి, 'మూడు నెలలు ఫైలింగు నేర్చుకొనవలెను' అని ఉత్తర్వు వచ్చింది. దాన్ని ఆయన శిక్షగా అనుకోలేదు. శత్రువులు తనని చీకట్లోకి నెట్టారనుకున్నాడు.

"చూడండి కురొగానె గారూ, ఇందులో బ్రహ్మవిద్య ఏం లేదు," అని చిజుకొ మొదలుపెట్టింది. "ఫైలుకి చిరునామా ఉంటుంది. బీరువా ఊరు, అర వీధి, ఫైలు ఇల్లు. ఏదైనా బయటికి తీస్తే దాని చోట చీటీ పెట్టాలి: ఎవరు తీశారు, ఎప్పుడు తీశారు. వీపు మీద లేబులు చూడండి. ఏడాది, ఐదేళ్ళు, పదేళ్ళు, శాశ్వతం. గడువు తీరినవి కాగితం మిల్లుకి పోతాయి. శాశ్వతం అన్నవి మనం పోయినా ఉంటాయి."

"అర్థమైంది. నేరస్థులు సాక్ష్యాలని ఏడాది లేబులు కింద దాస్తారన్నమాట."

"నేనలా అన్నానా?"

"పైకి అనలేదు," అని ఆయన కన్ను గీటాడు.

మొదటి రోజు సాయంత్రానికి ఆయన ఒక అర మొత్తం సర్దేశాడు. చిజుకొ వెళ్ళి చూస్తే కుక్కల రిజిస్ట్రేషన్ల పక్కన ఇళ్ళ కూల్చివేతలు, వాటి పక్కన పెళ్ళి నమోదులు ఉన్నాయి.

"ఇది ఏ వరస?"

"అనుమానం వరస. ఎక్కువ అనుమానం ఉన్నవి ఎడమవైపు."

"పెళ్ళిళ్ళ మీద అనుమానమేంటి?"

"మీకు పెళ్ళయిందా ఒగాతా గారూ?"

"లేదు."

"అందుకే అడిగారు."

"మీరు ఇక్కడికి వచ్చింది ఫైలింగుకి," అంది ఆవిడ, ఫైళ్ళన్నీ మళ్ళీ కిందికి దింపుతూ. "ఫెయిలింగుకి కాదు."

మంగళవారం పొద్దున ఇవాసె తొమె వచ్చింది. ఎనభై రెండేళ్ళ మనిషి. రైల్వే గేటు దగ్గర తోఫు, అంటే సోయాపాల జున్ను, అమ్మే కొట్టు ఆవిడది. తెల్లవారుజామున మూడింటికి లేచి సోయా గింజలు రుబ్బే చేతులు, అప్పటికీ తెల్లగా ఉబ్బి ఉన్నాయి. మెట్లు దిగడానికి ఆవిడకి అయిదు నిమిషాలు పట్టింది.

"చిజుకొ, మా మావగారి కాలం నాటి కాగితం ఒకటి కావాలమ్మా," అంది. "షోవా ముప్ఫై ఆరులో, అదే పంతొమ్మిది వందల అరవై ఒకటిలో, రాసుకున్నది. కొండ మీది ఊట నీళ్ళు మా కొట్టుకి వాడుకోవచ్చని."

"మీ దగ్గర నకలు లేదా మామ్మగారూ?"

"ఉండేది. తుపానుకి కొట్టుకుపోయింది. ఇప్పుడు ఆ కొండ మీద కొత్త హోటలు కడతారట, ఊట మొత్తం వాళ్ళకే కావాలట. శుక్రవారం పది గంటలకి మీటింగు. నీ హక్కుకి కాగితం చూపించు అంటున్నారు. ఆ నీళ్ళతో చేస్తేనే అది మా తోఫు, అమ్మాయ్. కుళాయి నీళ్ళతో చేస్తే అది ఊరికే తెల్లగా ఉంటుంది."

చిజుకొ నీటి సరఫరా అర చూసింది. భూములు చూసింది. వ్యవసాయం, అడవులు, దుకాణాలు చూసింది. ఎక్కడా లేదు. ఆ ఏటి సూచిక పుస్తకం కూడా అదే తుపానుకి తడిసి, అట్టలు మాత్రమే మిగిలింది. ఇక ఉన్న దారల్లా పదకొండు వేల ఫైళ్ళనీ ఒక్కొక్కటే తిప్పడం.

సాయంత్రం సెక్షన్ అధిపతి ముగితాని మెట్ల దాకా వచ్చి ఆగాడు. చెప్పులు మార్చుకోవడం బద్ధకమై ఆయన ఎప్పుడూ అక్కడి నుంచే పాలిస్తాడు.

"శుక్రవారం పొద్దుటికి దొరక్కపోతే 'అటువంటి పత్రం లేదు' అని రాసి మీ ముద్ర వేసెయ్యండి."

"లేదు అని కాదు సార్, దొరకలేదు అని రాయాలి."

"దొరకలేదు అనే ఫారం మన దగ్గర లేదండీ."

చిజుకొ తన ముద్ర ఉన్న చిన్న డబ్బాని సొరుగులోకి తోసింది. ఆ ముద్ర ఇన్నాళ్ళూ 'ఉంది' అనే మాట మీదే పడింది.

షోహెయ్ ఆమె దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు.

"మీరు గమనించారా? ఆ పత్రం మాయమవలేదు. మాయం చెయ్యబడింది. ఈ నాలుగు గోడల మధ్య ఒక నల్లని హస్తం కదులుతోంది."

"అది నాదే. కార్బన్ కాగితాలు పట్టుకున్నాను. ఆ కుర్చీ ఇటు జరపండి, పై అర అందడం లేదు."

బుధవారమంతా చిజుకొ ఫైళ్ళు తిప్పింది. షోహెయ్ నేల మీద పాకాడు.

"క్లూ," అన్నాడు పదకొండింటికి. "గట్టిపడ్డ పసుపు చుక్క. విషం అయ్యుండొచ్చు."

"గ్లూ. లేబుళ్ళు అంటించేది."

మధ్యాహ్నం బీరువా కింద నుంచి ఏదో లాగి పైకెత్తాడు. "సాక్ష్యం."

"సాక్సు."

"ఎవరిదో తెలిస్తే కేసు ముగిసినట్టే."

"మీ ఎడమ కాలు చూసుకోండి."

చూసుకున్నాడు. తొడుక్కున్నాడు. "నన్నే ఇరికించాలని చూస్తున్నారు," అన్నాడు, అంతటి కుట్రకి తాను అర్హుడైనందుకు కొంత మురిసిపోతూ.

ఆ సాయంత్రం ఆయన అనుమానం ముగితాని మీదికి మళ్ళింది. ముగితాని రోజూ మూడు గంటలకి జేబు ఉబ్బెత్తుగా పెట్టుకుని ఎవరికీ చెప్పకుండా వెనక గుమ్మం గుండా పోతాడట. పది నిమిషాల తరవాత ఖాళీ జేబుతో వస్తాడట.

"ఆ పది నిమిషాల్లో కాగితాన్ని ముక్కముక్కగా సముద్రంలో పడేస్తున్నాడు. ఇప్పటికి సగం చేపల కడుపులో ఉంటుంది," అన్నాడు, పై అంతస్తు దాకా వినబడేంత గట్టిగా.

"ఆయన భార్య తీపి మానిపించింది. సైకిల్ షెడ్డు వెనక, లోపల తీపి బీన్స్ ముద్ద పెట్టిన బన్ను తింటాడు. ఆఫీసులో అందరికీ తెలుసు."

"అందరికీ తెలిసిన అబద్ధం కన్నా గొప్ప ముసుగు ఉందా?"

చిజుకొ తరవాతి ఫైలు తీసింది. అప్పటికి ఏడు వేల ఫైళ్ళు చూసింది. ఇంటికి వెళ్ళే దారిలో తొమె కొట్టు ముందు నుంచి కాకుండా చుట్టూ తిరిగి వెళ్ళింది. ఆవిడ పలకరిస్తే ఏం చెప్పాలో తోచలేదు.

గురువారం మధ్యాహ్నం షోహెయ్ అందరినీ రికార్డు గదికి పిలిచాడు. అందరూ అంటే చిజుకొ, ముగితాని, ఏమైనా తెలిసిందేమోనని వచ్చిన తొమె. ముగితాని జీవితంలో మొదటిసారి చెప్పులు మార్చుకున్నాడు.

ఆ గదిలో బీరువాలు పట్టాల మీద ఉంటాయి. పక్కనున్న చక్రం తిప్పితే ఒకదాన్నొకటి ఆనుకునేదాకా జరుగుతాయి. కావలసిన చోట సందు చేసుకుని లోపలికి వెళ్ళాలి.

"దొంగ ఈ గదిలోనే ఉన్నాడు," అని షోహెయ్ వెనక్కి వెనక్కి నడుస్తూ ఒక సందులోకి వెళ్ళాడు. "ఆ రోజు అతను సరిగ్గా ఇక్కడ దాక్కున్నాడు. ఊపిరి బిగబట్టాడు. ఎవరూ చూడటం లేదని నిర్ధారించుకుని..."

"ఏ రోజు?" అంది తొమె.

"అది ఇంకా తేలలేదు మామ్మగారూ. కానీ అతని పేరు..." ఆయన గాల్లో చెయ్యి తిప్పి ముగితాని వైపు వేలు చాపాడు.

ముగితాని కంగారుపడి వెనక్కి తగ్గి, పడబోతూ చక్రం పట్టుకున్నాడు. చక్రం తిరిగింది. బీరువా నెమ్మదిగా, మర్యాదగా జరిగి షోహెయ్ పొట్ట దగ్గర ఆగింది. ఆయన నోటుపుస్తకం జారి పట్టాలో పడింది. చక్రం ఇక అటూ తిరగలేదు, ఇటూ తిరగలేదు.

"హత్యాప్రయత్నం," అంది సందులోంచి ఒక సన్నని గొంతు.

"నొప్పిగా ఉందా?" అని అడిగింది చిజుకొ.

"లేదు. అవమానంగా ఉంది."

మెకానిక్ పక్క ఊరి నుంచి రావాలి, రెండు గంటలు పడుతుంది. పావుగంటలోనే షోహెయ్ ఊపిరి గట్టిగా వినిపించసాగింది. డిటెక్టివు పోయి, ఇరుకంటే భయపడే మామూలు మనిషి మిగిలాడు.

"ఒగాతా గారూ, ఉన్నారా? ఏదైనా మాట్లాడండి. వెళ్ళిపోకండి."

చిజుకొకి జాలేసింది. ఇంకో రెండు వేల ఫైళ్ళు మిగిలి ఉన్నా, కుర్చీ లాక్కుని ఆ సందు ముందు కూర్చుంది.

"ఇక్కడే ఉన్నాను. నిదానంగా ఊపిరి తీసుకోండి. ముక్కు ముందు లేబుళ్ళు కనబడుతున్నాయా? ఒక్కొక్కటే చదవండి. గాభరా తగ్గుతుంది."

"అగ్నిమాపక దళం. గంట మరమ్మతు, షోవా ముప్ఫై నాలుగు, పదేళ్ళు." కష్టం మీద తల పక్కకి తిప్పాడు. "అగ్నిమాపక దళం. నిచ్చెనలు, ఐదేళ్ళు. ఇవి ఇంకా ఎందుకున్నాయండీ, మిల్లుకి పోవాలి కదా?"

"బాగా నేర్చుకున్నారు. తరవాతది."

"ఇవాసె కొట్టు వెనక గొట్టం, ముప్ఫై ఆరు, శాశ్వతం. యూనిఫారం బొత్తాలు, ఏడాది. కవాతు రోజు భోజనాలు..."

"ఆగండి."

"భోజనాల దగ్గరా?"

"బొత్తాలకి ముందు."

"గొట్టం. ఒగాతా గారూ, నేనిక్కడ చావుబతుకుల్లో ఉంటే మీకు గొట్టాలు కావాలా?"

చిజుకొ లేచి నిలబడింది. "దాన్ని తియ్యండి. మెల్లగా. చదవండి."

చేతులు మడిచే చోటు లేక ఆయన ఫైలుని గడ్డంతో తెరిచాడు.

"రైల్వే గేటు పేటలో మంటలు లేచినప్పుడు వాడుకునేందుకు, కొండ ఊట నుంచి గొట్టం వేయుటకు ఇవాసె కుటుంబం తమ పెరడు ఇచ్చినది. ఇందుకు బదులుగా, తోఫు కొట్టు నడిచినంత కాలం, ఆ ఊట నీటిని ముందుగా వాడుకొను హక్కు వారిది. మిగిలినది ఇతరులకు. కింద మేయరు ముద్ర ఉంది." కొంచెం ఆగాడు. "ఇందులో నేరమేమీ కనబడటం లేదు."

తొమె కొంగలా మెడ చాచి వింటున్నదల్లా నేల మీద చతికిలబడింది. "అవునమ్మా," అంది నెమ్మదిగా. "పేట తగలబడిన ఏడే. మా మావగారు ఆ పెరట్లో ముల్లంగి వేసేవారు. గొట్టం కోసం పీకించేశారు."

నీళ్ళ కాగితం కోసం చిజుకొ ఊళ్ళోని నీళ్ళన్నీ వెతికింది. నిప్పులో వెతకాలని ఆమెకి తట్టలేదు. అరవై ఏళ్ళ కింద ఎవరో గుమాస్తా సరైన చోటే పెట్టాడు, అతని లెక్కలో.

"నేను మొదటి నుంచీ చెబుతూనే ఉన్నాను," అంది సందులోని గొంతు, కొద్దికొద్దిగా లావెక్కుతూ. "పత్రం ఈ గదిలోనే ఉందని."

"చేపల కడుపులో ఉందన్నారు," అన్నాడు ముగితాని. షోహెయ్ కాపలా వల్ల ఆ రోజు తినలేకపోయిన బన్ను కసి ఆ ఒక్కమాటలో ఉంది.

శుక్రవారం మీటింగులో మేయరు ముద్ర చూశాక హోటలు వాళ్ళ వకీలు కాగితాలు సర్దుకున్నాడు. వాళ్ళకి మిగిలిన నీళ్ళు ఇస్తారట. చిజుకొ నీటి సరఫరా అరలో ఒక గట్టి కార్డు పెట్టింది: 'ఇవాసె కొట్టు ఊట నీళ్ళు: అగ్నిమాపక దళంలో చూడండి.' దాన్ని అక్కడ పెట్టాక చాలాసేపు చూస్తూ నిలబడింది.

మధ్యాహ్నం తొమె ఒక తపేలా నిండా తోఫు పట్టుకుని, వెంట నలుగురు పేటవాళ్ళని తీసుకుని మెట్లు దిగింది. వాళ్ళు షోహెయ్‌ని చూసే చూపు వేరేగా ఉంది.

"మూడు రోజులు ఈ అమ్మాయికే దొరకలేదు. నువ్వెలా కనిపెట్టావు, అబ్బాయ్?"

షోహెయ్ గొంతు సవరించుకున్నాడు. చిజుకొ కళ్ళు మూసుకుంది. నల్లని హస్తం నుంచి మొదలుపెడతాడు, సాయంత్రం దాకా ఆపడు అనుకుంది.

షోహెయ్ తపేలా వైపు చూశాడు, తరవాత తొమె ఉబ్బిన చేతుల వైపు చూశాడు.

"నేనేం కనిపెట్టలేదు, మామ్మగారూ," అన్నాడు. "బీరువాల మధ్య ఇరుక్కుపోయాను. భయమేసింది. ఆవిడ చదవమంటే చదివాను."

పేటవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. తరవాత పేటవాళ్ళలో ఒకాయన తల ఊపాడు.

"చూశారా, ఎంత పెద్ద బుర్ర ఉన్నవాళ్ళు ఎంత అణకువగా ఉంటారో."

"మా అబ్బాయి గొడుగు పోయింది, మీరే చూడాలి బాబూ," అంది ఇంకో ఆవిడ.

"లేదండీ, నిజంగానే ఇరుక్కుపోయాను," అన్నాడు షోహెయ్. వాళ్ళు ఇంకా కిందికి వంగి నమస్కరించారు.

చిజుకొ మూలన కూర్చుని సోయాసాస్ చుక్క వేసుకుని తోఫు తింది. చల్లగా, మెత్తగా, నీళ్ళ రుచి తెలిసేలా ఉంది. కురొగానె షోహెయ్ తన వృత్తి జీవితంలో చెప్పిన ఒకే ఒక్క నిజాన్ని, ఊరు వినయం కింద ఫైలు చేసేసింది.