మాస్టారి మంచుబొట్టు మీద ఒక మాట

ఆమెకు అన్నిటికన్నా ఎక్కువ భయం ఒక్కటే: పాప ఒక పక్క, తను ఒక పక్క, మధ్యలో గడియ పడిన తలుపు. దొంగలన్నా, ఉరుములన్నా కూడా భయమే గానీ అవన్నీ దీని వెనకాల వరసలో నిలబడేవి. అందుకే పాప నడక నేర్చిన వారంలోనే భర్త వెంటపడి ఇంట్లో లోపలి గడియలన్నీ పీకించేసింది. స్నానాల గదికి కూడా గడియ లేదు. లోపల ఉన్నవాళ్ళు పాట పాడుతూ ఉండాలి. భర్తకు వచ్చినవి రెండే పాటలు.

మిగిలింది బాల్కనీ తలుపు. మూడో అంతస్తు కాబట్టి పాప అటు వెళ్ళకుండా దానికి గడియ ఉండి తీరాలి. పైన చెక్క పుచ్చిపోయి మేకు నిలవకపోతే, భర్త ఆ గడియను తలుపు అడుగున బిగించాడు.

"అంత కిందనా? పాపకి అందదూ?" అంది ఆమె.

"అందినా లాగలేదు. నాకే రెండు చేతులూ కావాలి. నువ్వు ఊరికే హడలిపోకు."

అతను ఫ్యాక్టరీలో ఫిట్టరు. బిగింపుల సంగతి తెలిసినవాడు కదా అని ఆమె ఊరుకుంది.

ఆ రోజు పొద్దున్న, భర్త ఫ్యాక్టరీకి వెళ్ళాక, ఆమె అనుకున్నది చిన్న పనే. ఏడున్నరకి ఎదుటి గోడౌను రేకుల మీదుగా ఎండ లేచి, బాల్కనీలో బట్టల తీగ మీద సరిగ్గా పది నిమిషాలు పడుతుంది. తీగకున్న క్లిప్పుల నీడలు గోడ మీద బారులు తీరుతాయి. వాటిని ఒక్క ఫోటో తీసి ఫోటోల సంఘం పేజీలో పెట్టాలి. పొయ్యి మీద పాలు సిమ్‌లో పెట్టింది. పాపని చాప మీద కూర్చోబెట్టి చేతికి చెక్క గరిటె ఇచ్చింది. రెండే నిమిషాలు అనుకుని బాల్కనీలోకి వెళ్ళి, గాలికి దుమ్ము పోకుండా తలుపు దగ్గరగా వేసింది.

మూడో క్లిప్పు దగ్గర ఉండగా వెనక 'టక్' మని వినబడింది.

తిరిగి చూస్తే తలుపు గాజులోంచి పాప నవ్వుతోంది. రెండు చేతులూ దులుపుకుంటోంది, వాళ్ళ నాన్న పని ముగించాక దులుపుకున్నట్టే.

"అమ్మలూ, లాగు తల్లీ. కింద ఉందే, అది లాగు. టక్ చెయ్యి."

పాప కింద పెట్టిన గరిటె తీసుకుని గాజు మీద ఒక్కటి వేసింది. ఆటకు పిలిచారనుకుంది.

ఆమె తలుపు తోసింది, గుద్దింది. గాజు పగలగొడదామంటే పాప ముక్కు ఆ గాజుకే ఆనించి ఉంది. కిందికి వంగి అరిచింది. కింది వాటాలో ఉండేది భర్త అక్క. ఆవిడ దగ్గర ఇంటి రెండో తాళంచెవి కూడా ఉంది. కానీ ఆ వేళప్పుడు ఆవిడ బట్టలుతికే మిషను వేస్తుంది. అటు మిషను, ఇటు గోడౌనులో మోటారు. ఆమె గొంతు ఆమెకే సరిగా వినబడలేదు. వినబడితే వదిన ఏమంటుందో మాత్రం బాగా తెలుసు. "ఫోటోలు ఫోటోలంటూ తిరుగు. ఏదో ఒక పూట పిల్లని మర్చిపోతావ్" అని మొన్ననే అంది.

చేతిలో ఉన్నది భర్త పాత ఫోను. సిమ్ లేదు. ఇంటి నెట్ మీద సంఘం పేజీ ఒక్కటే తెరుచుకుంటుంది. అసలు ఫోను వంటగది గట్టు మీద, పాల పక్కనే ఉంది.

సరే, సంఘమే దిక్కు. సంఘంలో పదకొండు మంది. నడిపేది ఆమె చదివిన బడి హెడ్‌మాస్టారు. ఎనిమిదిలో బడి మానేసి పదేళ్ళు దాటినా, పేజీలో ఆయన పేరు కనబడితే ఆమె ఇప్పటికీ కొంగు సర్దుకునేది. నియమాలు ఆయనవే. ఫోటో పెట్టినవాళ్ళు దానికో శీర్షిక ఇవ్వచ్చు గానీ, ఆ ఫోటో కింద మర్నాటి దాకా నోరెత్తకూడదు; ఎత్తినా పేజీ తీసుకోదు. మిగతావాళ్ళు గొంతు రికార్డు చేసి అభిప్రాయం చెప్పాలి. "మనం వివరించాల్సి వస్తే ఫోటో విఫలమైనట్టే" అనేవారు మాస్టారు.

ఆమె గాజులోంచి పాపనీ, కింద గడియనీ కలిపి ఫోటో తీసింది. శీర్షిక దగ్గర రాసింది: 'తలుపు గడియ పడిపోయింది పాప ఒక్కతే లోపల ఉంది పొయ్యి వెలుగుతోంది ఎవరైనా రండి.'

నిమిషంలో మాస్టారి గొంతు వచ్చింది. "బాగుందమ్మా. కానీ శీర్షిక పొడుగైంది. ఫోటో చెప్పాల్సిందంతా శీర్షికే చెప్పేస్తే ఇక చూసేవాడికి పనేముంది? 'ఎడబాటు' అంటే సరిపోయేది."

తర్వాత పళ్ళ డాక్టరు. "పాప నవ్వు అద్భుతం. పై వరస పళ్ళు చక్కగా వచ్చాయి. కింది వరస కూడా కనబడేట్టు ఇంకోటి తియ్యండి, చూద్దాం."

తర్వాత బస్సు డ్రైవరు. ఈయన్ని సంఘంలో అందరూ నలుపుతెలుపు అంటారు. "రంగు తీసెయ్ చెల్లెమ్మా. ఆ రంగే దీన్ని పాడుచేస్తోంది."

పాప ఈలోగా లేచింది. వంటగది వైపు నాలుగడుగులు వేసి, ఆగి, అమ్మ చూస్తోందా లేదా అని వెనక్కి చూసింది. ఆమె బాల్కనీ దుమ్ముని వేలికి రాసుకుని గాజు మీద 'కాపాడండి' అని పెద్ద అక్షరాలతో రాసింది. వెనకాల వంటగది గుమ్మం, గుమ్మంలో పాప. ఫోటో తీసి పెట్టింది.

"గాజు మీద రాతలు రాసి తీయడం పాత పద్ధతమ్మా," అన్నారు మాస్టారు. "పైగా గాజులో నీ మొహం పడుతోంది. ఏడుపు మొహం. తీసేవాళ్ళు ఫోటోలోకి రాకూడదని మొదటిరోజే చెప్పానా లేదా?"

"'డ' సరిగా పడలేదు," అన్నాడు పళ్ళ డాక్టరు.

వంటగదిలోంచి సన్నగా పొగ బయలుదేరింది. పాలు అడుగంటాయి. ఆమె పొగనీ, గుమ్మం దగ్గర కూర్చుని గరిటెతో నేల వాయిస్తున్న పాపనీ మూడో ఫోటో తీసింది. శీర్షిక ఒక్క ముక్క: 'పొగ'.

ఈసారి సంఘం మొత్తం లేచి కూర్చుంది.

"అదీ! ఆ పొగమంచు ఎంత బాగా పట్టావ్ చెల్లెమ్మా! ఒళ్ళు జలదరించింది," అన్నాడు నలుపుతెలుపు.

"శీర్షిక కుదిరింది," అన్నారు మాస్టారు. "చూశావా, చెబితే నేర్చుకుంటావు."

ఆమె గాజుకు నుదురు కొట్టుకుంది. ఈ మనుషులకి ఎలా చెప్పాలి? తన ఫోటో కింద తనకు నోరు లేదు. అప్పుడు తట్టింది. వేరేవాళ్ళ ఫోటో కింద ఉంది కదా! పేజీలో అన్నిటికన్నా పైన మాస్టారి మంచుబొట్టు ఉంది. గడ్డిపరక కొసన వేలాడే ఒక్క నీటిబొట్టు. నెల రోజులుగా ఆయన దాన్ని అక్కడినుంచి కదలనివ్వలేదు.

ఆమె గొంతు రికార్డు చేసింది. "మాస్టారూ, మీ మంచుబొట్టు చాలా బాగుందండీ. నేను బాల్కనీలో ఇరుక్కుపోయానండీ, పాప లోపల ఒక్కతే ఉందండీ, పొయ్యి మండుతోంది, మీకు దండం పెడతాను, ఎవరినైనా పంపండి."

వెంటనే జవాబు వచ్చింది. "ధన్యవాదాలమ్మా."

అంతే. 'బాగుందండీ' దగ్గరే ఆయన చెవి నిండిపోయింది.

లోపల ఏదో చుయ్యిమంది. పొగ కాస్త పలచబడింది. అది చూసి సంతోషించబోయి ఆమె బిగుసుకుపోయింది. పాలు పొంగి మంట ఆరిపోతే? మంట ఆరి గ్యాసు ఆగకపోతే? పాప అక్కడే కూర్చుంది. ఆ ఊహ రాగానే ఆమెకు మాస్టారంటే భయం, బడి, బెత్తం అన్నీ ఎటో పోయాయి. అయినా ఆ మాట అనేముందు అలవాటు కొద్దీ కొంగు సర్దుకుంది.

"మాస్టారూ, మీ మంచుబొట్టు ఎవరో ఉమ్మినట్టుంది."

తర్వాత మాస్టారి గొంతు వచ్చింది, చాలా నెమ్మదిగా. "ఏమన్నావ్? గోడౌను వెనక మేడలో మూడో అంతస్తే కదా మీరుండేది? వస్తున్నా. అక్కడే ఉండు."

ఆమె ఎక్కడికి పోగలదు?

ఆరు నిమిషాల్లో ఆయన మెట్లెక్కారు. ముందు గది తలుపు మీద బెత్తంతో కొట్టినట్టు కొట్టారు. "బయటికి రా! నలభై ఏళ్ళ సర్వీసులో ఒక్కడు నన్నిలా అనలేదు! ఉమ్మా? అది ఉమ్మా?"

ఆ అరుపు మిషనునీ మోటారునీ దాటి కింది వాటాకి చేరింది. వదిన తడి చేతులతో పైకొచ్చింది.

"ఎవరండీ మీరు, మా మరదలి మీద అరుస్తున్నారు? దాన్ని అనాలంటే నేననాలి."

"మీ మరదలు నా ఫోటోని..." అంటూ ఆయన ఆగి ముక్కు ఎగబీల్చారు. "ఏదో వాసన వస్తోంది."

వదిన ముక్కుకీ తగిలింది. ఇంకో మాట లేకుండా కిందికి పరిగెత్తి తాళంచెవి తెచ్చింది, తలుపు తీసింది, వంటగదిలోకి దూకింది. మంట ఎప్పుడో ఆరిపోయింది, గ్యాసు సన్నగా వస్తూనే ఉంది. మీట కట్టేసి, పాపని చంకనేసుకొచ్చి ముందు గదిలో దింపి, మళ్ళీ వెళ్ళి కిటికీలన్నీ బార్లా తెరిచింది.

మాస్టారు బాల్కనీ తలుపు దగ్గరికి వచ్చారు. గాజు మీద 'కాపాడండి' అన్న అక్షరాలు లోపలి నుంచి తిరగబడి కనిపిస్తున్నాయి. వాటి వెనక ఆమె మొహం. ఆయన చాలాసేపు చూశారు. ఇందాక ఫోటోలో చూసిన మొహమే.

"తీస్తున్నానమ్మా, తీస్తున్నా," అని వంగబోయారు. నడుము సగంలో పట్టేసింది. గడియ మరీ కింద ఉంది. ఆయన పైకీ రాలేక, కిందికీ పోలేక "అమ్మా" అంటుంటే, పాప వచ్చి ఆయన మోకాలిని కాస్త పక్కకి నెట్టి, రెండు చేతులతో గడియ టక్కున లాగేసింది. లాగి, చేతులు దులుపుకుంది.

ఆమె పాపని ఎత్తుకుని నేల మీద కూలబడింది. వదిన వచ్చి నెత్తి మీద ఒక్కటి మొట్టి, అదే చేత్తో కళ్ళు తుడిచింది. "నా ఫోనుకి ఒక ఫోటో పంపి ఏడవకపోయావా?"

"సంఘంలో నువ్వు లేవు వదినా."

"ఇవాళే చేర్పించు."

మాస్టారు గోడ పట్టుకుని నిటారయ్యారు. "ఆ బొట్టు నిజంగానే అలా ఉందా అమ్మా?" అని అడిగారు. ఫోనులో కొత్త ఫోటో వచ్చింది. ఆమె దాన్నే చూస్తోంది. సంఘంలో ఎప్పుడూ సూదులూ, దారపు ఉండలూ, గుడ్డముక్కల రంగులూ పెట్టే కుట్టుపనావిడది. ఈసారి ఇంటి కప్పు. అంతకుముందు రోజుదీ కప్పే. ఆ ముందుదీ. మొత్తం ఆరు. ఆరూ ఒకే చోట పడుకుని పైకి చూసి తీసినట్టున్నాయి. శీర్షికల్లేవు. నాలుగోదాన్ని మెచ్చుకుంటూ తను పెట్టిన గొంతు ఉంది: "చాలా ప్రశాంతంగా ఉందండీ."

"మాస్టారూ, ఈవిడ ఇల్లెక్కడ?"

"తెలీదమ్మా. ఎవరం కలవలేదు."

"ఫోను నంబరు?"

"లేదు. ఫోటోకి శీర్షిక కూడా పెట్టదు. అదే ఆవిడ గొప్ప..." అని ఆయన ఆగిపోయారు. ఫోను అందుకుని కళ్ళజోడు పైకి జరిపి చూశారు. ఆరు రోజులుగా ఆవిడ ఎవరి ఫోటో కిందా ఒక్క ముక్క అనలేదు. మంచుబొట్టుని మెచ్చుకోలేదు, తిట్టలేదు.

ఇప్పటిదాకా తెలిసింది ఇంతే. ఆకుపచ్చ గోడ. పైన ఫ్యాను, రెండు రెక్కలు తెలుపు, ఒకటి గోధుమ రంగు, తిరగడం లేదు. మీరెరిగిన ఇంట్లో ఎక్కడైనా అలాంటిది ఉంటే, ఫోటో ఎలా ఉందో తీరిగ్గా చెప్పుకుందాం గానీ, ముందు వెళ్ళి ఆవిడ ఎలా ఉందో చూసి రండి.