తమ్ముడి రక్తం

గడియారాలు బాగుచేసే బాబాయి ఆ ఉదయం వేసుకున్న పథకం చాలా చిన్నది. రక్తం తీసుకోవడానికి ల్యాబ్ మనిషి ఇంటికి వస్తాడు. ఆ వేళకి పిన్ని స్నానాల గదిలో ఉంటుంది. బాబాయి పేరు చెప్పి తమ్ముడు కుర్చీలో కూర్చుంటాడు. కొలెస్ట్రాల్ ఎక్కువని తేలితే బాణలి అటకెక్కుతుందని పిన్ని ముందే తేల్చి చెప్పింది. వేపుడు లేనిదే బాబాయికి ముద్ద దిగదు. తమ్ముడేమో ఉడికించిన కూరలు తిని రోజూ పది కిలోమీటర్లు పరుగెత్తే బక్కపల్చని మనిషి.

సాయంత్రం రిపోర్టు వచ్చింది. నూటముప్పై దాటకూడని చెడు కొలెస్ట్రాల్ రెండువందల తొంభై ఉంది.

"ఇది రక్తమా, నూనె డబ్బానా?" అంటూ పిన్ని బాణలి అటకెక్కించేసింది.

"ల్యాబ్‌వాళ్లే ఎక్కడో తారుమారు చేశారే!" అని బాబాయి లబోదిబోమన్నాడు. తమ్ముడికి పౌరుషం వచ్చింది. మూడు వారాలు దోసకాయ ముక్కల మీద బతికి, మళ్లీ బాబాయి పేరుమీదే చెయ్యి చాపాడు. ఈసారి మూడువందల పది!

బాబాయికి కంగారుకంటే కుతూహలం ఎక్కువైంది. గడియారం ఎందుకు ఆగిందో తేలందే అన్నం తినని మనిషాయన.

"ఒరేయ్, చాటుగా ఏమన్నా లాగిస్తున్నావా?"

"నీమీద ఒట్టు అన్నయ్యా!"

పిన్ని ఊరుకుంటుందా? మొగుణ్ణి డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్లింది. మూడో పరీక్ష పెడితే పనికొస్తాడని బాబాయి తమ్ముణ్ణీ వెంటబెట్టుకున్నాడు.

"మీ నాన్నగారు ఉన్నారా?" అడిగింది డాక్టరమ్మ.

"నలభై రెండేళ్లకే గుండె ఆగి పోయారండీ."

ఆవిడ బాబాయి మడమ వెనక నరం నొక్కి చూసి తల అడ్డంగా ఊపింది. "ఇంత అంకె ఉంది, ఇక్కడేమో ఏమీ లేదే!"

"ఏముండాలండీ?"

"కొందరికిది పుట్టుకతోనే అమ్మనుంచో నాన్ననుంచో వస్తుంది, తిండి మానినా పోదు. ఈ నరం గడ్డకట్టినట్టు లావెక్కుతుంది. పట్టించుకోకపోతే చిన్న వయసులోనే గుండెమీదికొస్తుంది."

ఏ బూటు కొన్నా మడమ దగ్గర ఒరుసుకుంటోందని తమ్ముడు ఏళ్ల తరబడి సణుగుతున్నాడు. వాడికిప్పుడు నలభై ఒకటి. బాబాయి చూపు తమ్ముడి బూట్ల మీద పడింది. పక్కనే పిన్ని ఉంది. ఉంటే ఉండనీ.

"ఆ రక్తం నాది కాదమ్మా, వీడిది! ముందు వీడి మడమ చూడండి!"

డాక్టరమ్మ చూసింది. గడ్డ వేలికి తగిలింది. తమ్ముడివైపు తిరిగింది. "ఇవాళే మందులు మొదలుపెడదాం. గుండె కూడా చూడాలి. మీ పిల్లలకీ పరీక్ష చేయిద్దాం. వేళకే దొరికారు."

బాబాయికి ఏడుపు ఆగలేదు. తమ్ముడి చెయ్యి పట్టుకునే, రెండో చెయ్యి సూదికిచ్చాడు. మర్నాడు ఆయన అసలు లెక్క తేలింది: తొంభై ఆరు.

"మీకు ఏ పథ్యమూ అక్కర్లేదు," అంది డాక్టరమ్మ.

బాబాయి మీసం దువ్వి పిన్నివైపు చూశాడు.

"ఆవిడ చెప్పింది కొలెస్ట్రాల్ సంగతి," అంది పిన్ని. "అబద్ధానికి పథ్యం నేను పెడతాను."