రెండో మోత

ఆ ఆదివారం ఉదయం నెగిషి వేసుకున్న పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. నిన్న తనిగసుమి గెలిచాడు కాబట్టి నిన్న తిన్నదే ఇవాళా తినాలి: పులిసిన సోయాగింజలు, ఉప్పుచేప, ముల్లంగి ఊరగాయ. నిన్నటి మేజోళ్ళే తొడుక్కోవాలి. మధ్యాహ్నం కుస్తీ వేళకి టీవీ నోరు నొక్కేసి, దానికి వీపు పెట్టి, గోడకేసి చూస్తూ కూర్చోవాలి. ఇంత చేశాక తనిగసుమి గెలవకపోతే అది తనిగసుమి తప్పు.

"ఆ మేజోళ్ళు వారం రోజుల్నించీ అవే కదండీ," అంది భార్య మసయో, ముక్కు చిట్లించి.

"వారంలో నాలుగు గెలిచాడు."

"మూడు ఓడాడు కూడా. అప్పుడూ ఇవే ఉన్నాయి."

"నీకు సుమో గురించి తెలీదు, ఊరుకో."

తనిగసుమి కమికురి ఊరి మల్లుడు. అసలు పేరు దైగో. సెలూన్ నడిపే ఫుసాయె గారి ఒక్కగానొక్క కొడుకు. కొండల మధ్య ఎక్కడో విసిరేసినట్టుండే ఆ ఊరినుంచి సుమోలో జీతమొచ్చే తరగతికి ఎక్కినవాడు అతనొక్కడే. ఇప్పుడు టోక్యోలో సెప్టెంబరు పోటీలు చివరిరోజుకి వచ్చాయి. ఏడు గెలిచి ఏడు ఓడాడు. ఇవాళ గెలిస్తే తరగతిలో ఉంటాడు. ఓడితే జారతాడు. జీతం పోతుంది, పట్టు నడికట్టు పోతుంది, ఇరవై తొమ్మిదేళ్ళ వయసులో కుర్రమల్లుల పక్కన నిలబడి వంటగదిలో ఉల్లికాడలు తరగాలి. "జారితే పిలక తీయించుకుని ఇంటికొచ్చేస్తానమ్మా," అని మొన్న ఫోన్లో అన్నాడట. ముప్ఫై ఏళ్ళుగా ఊరందరి జుట్టూ కత్తిరించిన ఆవిడకి ఆ మాట విన్నాక చేతిలో కత్తెర ఆడలేదని ఊళ్ళో చెప్పుకున్నారు.

దైగో గెలిచినప్పుడల్లా ఏటిగట్టు మీంచి ఒక బాంబు పేల్చడం కమికురి ఆచారం. ఆకాశంలో ధామ్మని మోగి, కాస్త తెల్లపొగ వదిలి పోతుంది. పొలాల్లో ఉన్నవాళ్ళు చేస్తున్న పని ఆపి చప్పట్లు కొడతారు, నూడుల్సు కొట్టువాడు గిన్నెకో గుడ్డు ఊరికే వేస్తాడు. అన్నిటికంటే ముఖ్యంగా, ఫుసాయె గారికి కబురు అందుతుంది. కొడుకు బరిలో దిగితే ఆవిడ చూడలేదు. సెలూన్ మూసి ఆపిల్ తోటలోకి వెళ్ళిపోయి, చెవులు ఏటివైపు పెట్టి నిలబడుతుంది. మోగితే ఏడుస్తుంది. మోగకపోతే కలుపు తీస్తుంది.

బాంబులు పేల్చే లైసెన్సు ముసలి ఇనగాకిది. గట్టుమీద టీవీ ఉండదు కాబట్టి అతనికి ఫోన్ చేసి చెప్పే బాధ్యత అభిమాన సంఘం కార్యదర్శి నెగిషిది. చాపలు నేసే పనిలో పోగు తప్పని కళ్ళు అతనివని, కుస్తీలో కాలి వేలు గీత దాటినా పట్టేస్తాడని సంఘం అధ్యక్షుడు, సారా బట్టీ యజమాని హొజుమి ఏరికోరి ఇచ్చిన పదవి అది. ఆ కళ్ళు ఏడేళ్ళుగా గోడనే చూస్తున్నాయని మసయోకి తప్ప ఎవరికీ తెలియదు. ఏడేళ్ళ కిందట ఒకరోజు తుమ్ము వచ్చి నెగిషి మొహం తిప్పుకున్నాడు, ఆ క్షణంలో దైగో గెలిచాడు. ఆనాటినుంచి అతను చూస్తే కుర్రాడు ఓడిపోతాడని నెగిషికి గట్టి నమ్మకం. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు.

మధ్యాహ్నం అయింది. నెగిషి గోడకెదురుగా, చేతిలో ఫోన్ పట్టుకుని, మోకాళ్ళమీద కూర్చున్నాడు. వెనకనుంచి మసయో చెబుతోంది.

"ఉప్పు చల్లాడు... లేచారు! గుద్దుకున్నారు! అయ్యో, మనవాణ్ణి తోసుకుపోతున్నాడు, తోసుకుపోతున్నాడు..."

"మంచి మాట చెప్పవే!"

"ఉన్నదే చెబుతున్నానండీ! అంచుకి వచ్చేశాడు... తిరిగాడు! ఇద్దరూ పడ్డారు! రిఫరీ విసనకర్ర మనవైపే చూపించాడు! గెలిచాడండీ, మనవాడు గెలిచాడు!"

నెగిషి వేలు అప్పటికే మీట మీద ఉంది. "ఇనగాకి అన్నా! కాల్చు!"

ధామ్మని మోగింది. కొండలు ఆ మోతని ఒకదానికొకటి అందించుకున్నాయి. నెగిషికి కళ్ళు చెమర్చాయి. ఈపాటికి ఆపిల్ చెట్టు కింద ఫుసాయె గారు ఏప్రన్ అంచు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడుస్తూ ఉంటుంది. ఒక తల్లికి ఇంత సంతోషం అందించే పని తన చేతిలో ఉండటం ఎంత అదృష్టం అనుకున్నాడు. ఆనందంలో ఉన్నవాడికి వెనక భార్య మాట్లాడకుండా కూర్చుందన్న సంగతి కొంత ఆలస్యంగా తట్టింది.

"ఏవండీ," అంది మసయో మెల్లగా. "నల్లబట్టల పెద్దమనుషులు ఐదుగురూ బరి ఎక్కుతున్నారు."

రిఫరీ తీర్పు మీద అనుమానం వస్తేనే ఆ ఐదుగురూ లేచి బరి మీదికొచ్చి మంతనాలాడతారు. అలా వాళ్ళు లేస్తే తీర్పు తలకిందులైన సందర్భాలు కోకొల్లలు.

"ముందే చెప్పొద్దూ?"

"చెప్పేలోపే పేల్చేశారుగా! మీరే చూసుంటే, చెయ్యెత్తిన పెద్దమనిషి కనపడేవాడు."

నెగిషి మళ్ళీ ఫోన్ చేశాడు. "అన్నా, పొరపాటైంది. తీర్పు ఇంకా తేలలేదు. ఆ బాంబు వెనక్కి తీసుకోవాలి."

"పేలినదాన్ని వెనక్కెట్లా తీసుకుంటానోయ్? అదేమన్నా నీ చాపా, విప్పి మళ్ళీ నెయ్యడానికి?"

"ఫుసాయె గారు తోటలో ఏడుస్తూ ఉంటుందన్నా! ఓడిపోయాడని తేలితే నేను ఆవిడకి మొహం ఎలా చూపించను? ఆ మోత చెల్లదని ఊరికి ఎలాగైనా తెలియాలి."

యాభై ఏళ్ళు బాంబులతో గడిపిన ఇనగాకికి ఏ కష్టానికైనా మందు బాంబే. "ఇంకోటి పేలుస్తా. ఒకటంటే గెలుపు. వెంటనే రెండోది మోగితే, మొదటిది కొట్టేసినట్టని ఎవరికైనా తెలిసిపోదూ?"

"తెలిసిపోతుంది," అన్నాడు నెగిషి. ఆ క్షణంలో అతనికి ఎవరు ఏం చెప్పినా తెలిసిపోయేలాగే ఉంది. "కాల్చు!"

రెండో మోత మోగింది.

మసయో చేతిలో టీ కప్పు జారిపడింది. "ఏవండీ! రెండు మోతలంటే ఏంటో మర్చిపోయారా? వేసవిలో ఇంటింటికీ చెప్పి వెళ్ళారు కదా!"

అప్పుడు గుర్తొచ్చింది. కొండలమీంచి ఎలుగుబంట్లు దిగుతున్నాయని, ఒకదాని వెంట ఒకటి రెండు మోతలు వినిపిస్తే ఎలుగు ఊళ్ళోకి వచ్చినట్టేనని, అందరూ ఇళ్ళలోకి వెళ్ళి తలుపులేసుకోవాలని ఊరి కార్యాలయంవాళ్ళు చాటించారు. అప్పుడు తలూపినవాళ్ళలో నెగిషి ఉన్నాడు, ఇనగాకి కూడా ఉన్నాడు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది.

అతని ఇంటి పక్కనే స్తంభానికున్న ఊరి మైకు గొంతు సవరించుకుంది. ఆదివారం డ్యూటీలో ఉన్న ఉద్యోగికి ఎలుగు కనపడలేదు, కానీ మోతలు రెండు వినపడ్డాయి, నిబంధనకి అది చాలు. "ఎలుగుబంటి వచ్చింది! ఏటిగట్టు వైపు ఎలుగుబంటి వచ్చింది! ఎవరూ బయటికి రావద్దు!" ఆపకుండా అరుస్తూనే ఉంది. వీధిలో తలుపులు దబదబా మూసుకున్నాయి. నారింజరంగు చొక్కాల వేటగాళ్ళ బండి ఒకటి ఏటివైపు దూసుకుపోయింది.

ఫోన్ మోగింది. పంచాయతీ హాల్లో నలభైమందితో కలిసి టీవీ చూస్తున్న హొజుమి. "నెగిషి గారూ! మేం బల్లలన్నీ తలుపుకి అడ్డం పెట్టేశాం! ఎవడో తొందరలో టీవీ తీగ తెంపేశాడు. కుర్రాడి సంగతేమైంది? ఇంక ఊరంతటికీ మీ కళ్ళే దిక్కు!"

"చూస్తున్నానండీ," అన్నాడు నెగిషి, గోడని చూస్తూ.

"పక్కింటి అవ్వ పెరటి తలుపు తీసే ఉంటుంది," అంటూ మసయో చీపురు తీసుకుని పరుగెత్తింది. వెళుతూ గుమ్మంలోంచి కేకేసింది. "ఓడినట్టు కాదట! మళ్ళీ కుస్తీ పట్టమన్నారు!"

నెగిషి ఒంటరివాడయ్యాడు. మళ్ళీ కుస్తీ. చెప్పేవాళ్ళు లేరు. టీవీ గొంతు పెంచుదామంటే బయట ఎలుగుబంటి గోలలో అక్షరం వినపడే దారి లేదు. చూస్తే కుర్రాడు ఓడతాడు. చూడకపోతే గెలిచాడో ఓడాడో చెప్పేవాడు ఊళ్ళో ఒక్కడూ ఉండడు. తోటలో ఆ తల్లి అబద్ధపు మోతకి ఏడ్చి, ఇప్పుడు ఎలుగుకి భయపడుతూ ఎక్కడ నక్కిందో. దీనికంతటికీ కారణం తనే. "క్షమించు నాయనా దైగో," అని పైకే అని, నెగిషి టీవీ వైపు తిరిగాడు.

ఏడేళ్ళ తర్వాత అతను దైగోని బరిలో చూశాడు. ఎడమ మోకాలికి అంత మందాన కట్టు ఉందని అతనికి ఇంతవరకూ తెలియదు. ఉప్పు తీసుకోవడానికి నడుస్తుంటే ఆ కాలు కాస్త ఈడుస్తున్నాడు. ఇన్నేళ్ళూ ప్రాణం పెట్టానన్నావు, ఈ నొప్పి ఎప్పుడన్నా చూశావా అని నెగిషిని అతని మనసే నిలదీసింది.

ఇద్దరూ లేచారు. గుద్దుకున్నారు. దైగో వెనక్కి, ఇంకా వెనక్కి, గీతదాకా పోయాడు. నెగిషి కళ్ళు మూసుకోబోయి, మూసుకోలేక, చాపని గోళ్ళతో పట్టుకున్నాడు. గీతమీద మడమ ఆనించి, ఆ నొప్పికాలిమీదే బరువంతా వేసి, దైగో ఎదుటివాడి నడికట్టు పట్టి ఒక్క తిప్పు తిప్పాడు. అవతలివాడు బరి దాటి ముందు వరుస మెత్తల మీద పడ్డాడు.

నెగిషి నల్లబట్టలవాళ్ళనే చూశాడు. ఒక్కరూ కదలలేదు. తను చూస్తుండగా గెలిచాడు! నెగిషికి సంతోషం కంటే ముందు దిగ్భ్రాంతి కలిగింది. ఏడేళ్ళు గోడని చూసింది ఎందుకన్నట్టు?

"అన్నా! గెలిచాడు! నిజంగా! నా కళ్ళతో చూశాను! కాల్చు!"

"వ్యాన్లో ఉన్నానోయ్, తలుపులేసుకుని. ఇక్కడెక్కడో ఎలుగుందట, వేటగాళ్ళు కూడా వచ్చారు."

"ఆ ఎలుగుబంటి మనిద్దరమే అన్నా!"

"అదేదో నువ్వొచ్చి వాళ్ళకి చెప్పు. తుపాకులున్నాయి వాళ్ళ దగ్గర. నేను దిగను."

ఇంక చేసేదిలేక నెగిషి తనే పరుగెత్తాడు. అన్నం గిన్నె మూత ఒకటి, గరిటె ఒకటి పట్టుకుని, ఖాళీ వీధి వెంట వాయించుకుంటూ, "గెలిచాడు! గెలిచాడు!" అని అరుస్తూ వెళ్ళాడు. ఎలుగుని బెదిరించే మొనగాడు వస్తున్నాడనుకుని కిటికీల సందుల్లోంచి జనం దణ్ణం పెట్టారు. ఒక్కరూ తలుపు తియ్యలేదు.

తోటలో పనిముట్ల గది తలుపు లోపల గడియపెట్టి ఉంది. "ఫుసాయె గారూ, నేను, నెగిషిని. ఎలుగు లేదు. దైగో గెలిచాడు."

"మొదటి మోతకే తెలిసిందండీ," అంది లోపలినుంచి ఆవిడ గొంతు.

"అది కాదండీ. అప్పుడు గెలవలేదు. ఇప్పుడు గెలిచాడు."

తలుపు తెరుచుకుంది. చేతిలో కొడవలి, మొహం నిండా ఎండిన కన్నీటి చారలు. ఆయాసపడుతూ నెగిషి జరిగిందంతా చెప్పి, మట్టిలో తల ఆనించాడు.

"ఉన్న ఏడుపంతా ఆ దొంగ మోతకే ఏడ్చేశానండీ," అంది ఆవిడ. "ఇప్పుడు రమ్మన్నా రావట్లేదు. కాలెలా ఉంది వాడికి?"

"నొప్పిగానే ఉంది. ఆ కాలిమీదే నిలబడి గెలిచాడు."

అప్పుడు ఏడ్చింది. నెగిషి కూడా గిన్నె మూత పక్కన పెట్టి ఏడ్చాడు.

సాయంత్రం హాల్లో సంఘం కూడింది. ఎలుగు లేదని అప్పటికి అందరికీ తెలిసింది. నెగిషి, ఇనగాకి తలలు వంచుకుని నిలబడ్డారు. రాజీనామా మాట నెగిషి నాలుక చివరే ఉంది. హొజుమి లేచి చెయ్యెత్తాడు.

"మొదటి పట్టు మేమందరం చూశాం. చేతికందిన గెలుపు నోటికందలేదు. రెండోది మేమెవరం చూడలేదు. గెలిచాడు. అంటే శనిగ్రహం ఎవరండీ? మేమే!"

నూడుల్సు కొట్టువాడు తల దించుకుని, తను ఎప్పుడూ వేళ్ళ సందుల్లోంచే చూస్తానని ఒప్పుకున్నాడు. ఊరి కార్యాలయం ఉద్యోగి, ఏడేళ్ళుగా దైగో కుస్తీ వేళకి తను మరుగుదొడ్లో ఉంటున్నానన్నాడు. ఒక్కొక్కరే లేచి చెబుతుంటే నెగిషికి మతిపోయింది. ఊళ్ళో దైగో కుస్తీని కళ్ళారా చూసినవాళ్ళు లెక్కకి అయిదారుగురు కూడా తేలలేదు.

"చూస్తే గెలిపించే కళ్ళు నెగిషి గారి ఒక్కరివే," అన్నాడు హొజుమి. "ఇకమీదట ప్రతి పోటీలోనూ పదిహేను రోజులూ ఆయన ఒక్కరే చూడాలి. రెప్ప వెయ్యకూడదు. మనమెవరం టీవీ దరిదాపులకి పోకుండా ఉండేందుకు ఇవాళ్టి ఏర్పాటే బాగుంది: ముందు రెండు మోతలు, తలుపులకి బల్లలు, టీవీ తీగ పీకెయ్యడం."

నెగిషి నోరు తెరిచాడు. గోడ గురించి చెప్పడానికి అదే ఆఖరి అవకాశం. అప్పటికే అందరూ లేచి అతనికి వంగి దణ్ణం పెడుతున్నారు.

నవంబరు పోటీలు జరిగిన పదిహేను రోజులూ కమికురిలోకి ప్రతి మధ్యాహ్నం ఎలుగుబంటి వచ్చినట్టు జిల్లా అధికారుల దగ్గర నమోదైంది.