నేల వారిది, ఇల్లు మనది

"ఇవాళ్టి నుంచి మన పార్కులో అద్దెకుండేవాళ్లు లేరు. అందరూ యజమానులే" అని లైల్ స్టాఫర్ గారు ప్రకటించారు. అంతటి పెద్ద మనసు ఇండియానాలో మరొకరికి లేదు. ఆయన కౌంటీ కమిషనర్ పదవికి పోటీ చేస్తున్న ఏడాదే అది బయటపడడం మా అదృష్టం.

పార్కంటే తోట కాదు, లాక్కొచ్చి నేలకి ఎత్తుగా దిమ్మెల మీద నిలబెట్టిన ట్రైలర్ ఇళ్ల కాలనీ. ఆ పాత ఇళ్లూ, కింద నేలా అన్నీ ఆయనవే. వాటిల్లో ఉంటున్న మాకే చవగ్గా రాసిచ్చారు. కింద నేల మాత్రం తనే ఉంచుకుని దాని అద్దె పెంచారు. మట్టి మోసే కష్టం మాకెందుకని కాబోలు. మర్నాడే రిపేర్లు చేసే డెల్‌బర్ట్‌ని పనిలోంచి తీసేశారు. పార్కుకి ఇళ్లే లేనప్పుడు రిపేర్లేమిటి?

మా పక్కింటి వెర్నా బాత్రూం ముందు చెక్క ఫ్లోరు ఎప్పుడో పుచ్చిపోయింది. ఆమె భర్త ఆర్విల్ నడవాలంటే వాకర్ పట్టుకోవాల్సిందే. అటు వెళ్లే ధైర్యం లేక మంచం పక్కనే బకెట్టు పెట్టుకున్నాడు. వెర్నా పార్కు ఆఫీసుకి వెళ్తుంటే తోడుగా నేనూ వెళ్లాను.

"సార్, ఎన్నాళ్ల నుంచో అడుగుతున్నా. ఆ ఫ్లోరు కాస్త వేయించండి."

"మీ ఇంట్లో నేను చెయ్యి పెడితే యజమానిగా మీ పరువేం కాను, వెర్నా గారూ?"

"పరువు సంగతి తర్వాత. మా ఆయన పడితే తుంటి విరుగుద్ది."

"మీ ఇల్లు, మీ ఆయన. మధ్యలో నేనెవర్ని?"

నాకు ఒళ్లు మండింది. ఈయన గొప్పతనం నలుగురికీ చెప్పి తీరాలని అప్పుడే అనుకున్నాను.

ఎన్నికల ముందు ఆయన పేపరు ఫొటోగ్రాఫరుని వెంటబెట్టుకుని వెర్నా ఇంటికొచ్చారు. ఆమెకి ఇంటి తాళంచెవి అందిస్తూ ఒక ఫొటో తీయించుకున్నారు. ఇంకోటి దూరం నుంచి తీయమని బాత్రూం వైపు వెనక్కి నడిచారు. "సార్, అటు వద్దు" అని వెర్నా అంటూనే ఉంది. ఫ్లోరు విరిగి నడుం దాకా దిగిపోయారు.

"చెయ్యందించండి" అన్నారు.

వెర్నా వంగి చూసింది. "మీ పైసగం మా ఇంట్లో ఉంది. కిందసగం మీ నేల మీద నిలబడింది. మీ స్థలం జోలికి నేనెలా వస్తాను సార్?"

మంచం మీద ఆర్విల్ దగ్గొచ్చేదాకా నవ్వాడు. చివరికి నేనూ ఫొటోగ్రాఫరూ కలిసి లాగాం.

లైల్ గారు ప్యాంటు దులుపుకున్నారు. మొహంలో కోపం లేదు.

"ఇంత ప్రమాదకరమైన ఇల్లు నా స్థలంలో ఉండడానికి వీల్లేదు, వెర్నా గారూ. నెలాఖరుకి తీసేయండి."

"తీసి ఎక్కడికి పట్టుకుపోను?"

"అది నేనెలా చెప్తాను? ఇల్లు మీది కదా."

ఇందాకటి ఫొటో సరిగ్గా రాలేదట. తాళంచెవి మళ్లీ అందించారు. ఫొటోగ్రాఫరు వెర్నాని కాస్త నవ్వమన్నాడు.