బాలింత మంచం చుట్టూ మహాసభ

కాన్పయిన ఆడదానంత అదృష్టవంతురాలు లేదు! మళ్ళీ కడుపు రాకుండా ఏం చేయాలో ఆవిడ ఆలోచించక్కర్లేదు. ఆ శ్రమంతా ఇంటిల్లిపాదీ పడతారు.

నమ్మరా? మొన్న మా చెల్లెలి కూతురున్న వార్డుకు వచ్చి చూడాల్సింది. పెద్దవాడికి ఏడాది నిండీ నిండకముందే, ఎవరూ అనుకోకుండా చిన్నది దిగింది. "వెంటనే ఇంకోటి వస్తే నీ ఒళ్ళు తట్టుకోదు" అని డాక్టరమ్మ గట్టిగా చెప్పి వెళ్ళింది. ఇంకేం, సభ మొదలు!

"పాలిస్తున్నంత కాలం ఏం కాదులే" అన్నారు పిల్ల అత్తగారు. ఆ సిద్ధాంతం నమ్మినందుకు పుట్టిన పసిది ఆవిడ ఒళ్ళోనే ఉంది.

"నేను జాగ్రత్తగా ఉంటాగా" అన్నాడు అల్లుడు. ఆయనగారి పాత జాగ్రత్త భుజమెక్కి ఆయన చెవే పీకుతోంది.

నేను మాత్రం తక్కువ తిన్నానా? "మాత్రలు మింగితే లావెక్కుతావే" అన్నాను. ఏ మాత్రా మింగకుండానే నేనీ సైజుకొచ్చిన సంగతి ఎవరూ ఎత్తలేదు. మర్యాదస్తులు!

పిల్ల నర్సును పిలిచి, "నాకు లూప్ వేయండి" అంది.

"మీవాళ్ళేమంటారో కనుక్కోమ్మా" అంది నర్సు. చూశారా పద్ధతి! కడుపు పిల్లది, కుట్లు పిల్లవి. ఓట్లు మాత్రం మావి.

"లూపా! గుండెల్లోకి పాకుతుందట!" అన్నారు అత్తగారు.

"అవును, మా ఆఫీసులో ఒకాయన కూడా చెప్పాడు" అన్నాడు అల్లుడు.

"ఆయనకు వేశారా?" అంది పిల్ల.

సభ వినిపించుకోలేదు. పిల్ల నా కొంగు పట్టి లాగి, చెవిలో అంది: "పెద్దమ్మా, నీకు దణ్ణం పెడతా. డాక్టరమ్మ వచ్చే టైమైంది. వీళ్ళని క్యాంటీన్‌కి తీసుకెళ్ళు. ఒక్క అరగంట."

తీసుకెళ్ళాను. టీలు తాగాం. అక్కడా చర్చించాం. తిరిగొచ్చేసరికి పిల్లను చక్రాల కుర్చీలో లేబర్ రూమ్ నుంచి తెస్తున్నారు. పసిదాన్ని ఎత్తుకుని పక్కనే నర్సు.

"ఎక్కడికెళ్ళావే?" అన్నారు అత్తగారు.

"చెకప్‌కి అత్తయ్యా."

నర్సు కిటికీలోంచి బయటికి చూసింది. నేనూ అటే చూశాను.

కాబట్టి ఈ సభలను తిట్టకండి. సభ్యులు టీకి లేచిన అరగంటే కదా, మన ఒళ్ళు మన చేతికొచ్చేది! మావాళ్ళింకా ఏకాభిప్రాయానికి రాలేదు. తొందరపెట్టొద్దనే నా సలహా. ఆ లూప్ పదేళ్ళు పనిచేస్తుందట. ఆలోగా ఏదో ఒకటి తేల్చకపోతారా?